తొమ్మిదీ నలభైకి రాసిన ఉత్తరం

"అనుమానం ఉండేదా?" అని అడిగాడు ఉపేందర్.

"ఉండేదన్నా," అంది వనిత. "ఎందుకు అబద్ధం చెప్పాలి."

కోదాడ పోలీస్ స్టేషన్ వరండాలో బెంచీకి ఒక చివర ఆమె, ఇంకో చివర మహిళా కానిస్టేబుల్. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. రెండింటికి వనితను కోర్టులో హాజరు పరుస్తారు. భర్తను ఆత్మహత్యాయత్నానికి పురికొల్పిందని కేసు. ఆ భర్త మహేష్ నిన్న, గురువారం, కోదాడలోని తన ఆఫీసులో పురుగుల మందు కలిసిన మజ్జిగ తాగి కుప్పకూలాడు. ఇప్పుడు సూర్యాపేట దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆయన కంప్యూటర్లో దొరికిన ఉత్తరం తప్పంతా భార్యదేనంటోంది. వనిత తల్లి ఆండాలు తెల్లారకముందే సూర్యాపేటలో ఉపేందర్ డిటెక్టివ్ ఏజెన్సీ తలుపు కొట్టింది. పెళ్ళి సంబంధాల వాకబులు తప్ప వేరే పని దొరకని ఏజెన్సీ అది. ఉపేందర్ మొహం కూడా కడుక్కోకుండా బయల్దేరి వచ్చాడు.

"దేని మీద అనుమానం?"

"మొదట దాని మీద." ఆమె బొటనవేలూ చూపుడువేలూ చాపి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద కొలత చూపించింది. "ఆ ఎస్ఎస్‌డి మీద. ఈయన కంప్యూటరంతా ఆ డబ్బాలోనే ఉంటుంది. వడ్ల మిల్లుల్లో బియ్యం రంగు చూసి ఏరే మిషన్లు ఉంటాయి గదా, వాటికి ప్రోగ్రాం రాస్తాడు. ఏ మిల్లుకు పోయినా అక్కడి కంప్యూటర్‌కి ఈ డబ్బా తగిలించి, దీంట్లోంచే మొత్తం నడిపిస్తాడు. వాళ్ళ విండోస్ జోలికి పోడు. పడుకుంటే దిండు కింద, లేస్తే చొక్కా జేబులో. నన్ను ఫంక్షన్ హాల్లో మర్చిపోయి వచ్చిన రోజుంది గాని, దాన్ని మర్చిపోయిన రోజు లేదు."

"తర్వాత?"

"తర్వాత రోజా మీద. ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ ఈయనకు మజ్జిగ తెస్తుంది. మా ఇంట్లో మజ్జిగ లేదా? బుధవారం అదే అడిగాను. గట్టిగానే అరిచాను, పక్కింటి వాళ్ళు విన్నారు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అరిచే నోరే గాని, చావమనే నోరు కాదన్నా నాది."

ఉపేందర్ చేతిలోని జిరాక్స్ కాగితం విప్పాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు ఉత్తరం. అప్పటికే మూడుసార్లు చదివాడు, ఇప్పుడు నాలుగోసారి.

"నా భార్య అనుమానంతోటి నేను బతకలేను. ఫోన్ ఎన్నిసార్లు మోగింది, ఎన్ని నిమిషాలు మాట్లాడిండ్రు అని లెక్క. బస్సు దిగి ఆఫీసుకు నడిస్తే ఏడు నిమిషాలు, ఇరవై ఎందుకైనయ్ అని లెక్క. ఏ రంగు చీర కట్టిన దినం నవ్వు ఎక్కువ వినపడ్డది అని లెక్క. ఇగ నాతోటి కాదు. మహేష్."

"అమ్మా, బస్సు స్టాండు నుంచి ఆఫీసుకు నడిస్తే ఎన్ని నిమిషాలు?"

వనిత తెల్లబోయి చూసింది. "నాకేం తెలుసన్నా. మా ఇల్లు ఆఫీసు వెనక సందులోనే. ఆయన నడిచే పోతాడు."

"రోజా?"

"మిర్యాలగూడ నుంచి వస్తుంది. బస్సులో వస్తుందో ఆటోలో వస్తుందో నేనెందుకు చూస్తాను? ఆమె తెచ్చే సీసాను చూశాను, అంతే."

ఉపేందర్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ ఉత్తరంలో ఏదో తేడా ఉందని పొద్దుటి నుంచీ అనిపిస్తోంది. ఆ తేడా ఏమిటో ఇప్పుడు తెలిసింది. అనుమానానికి గురైన మనిషికి అవమానం గుర్తుంటుంది. నిమిషాలు గుర్తుండవు. నిమిషాలు గుర్తుండేది అనుమానించే మనిషికి.

ఈ సంగతి ఉపేందర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనా సతీషూ ఒకే ఏడు కానిస్టేబుళ్ళయ్యారు. ఎస్సై పరీక్ష పక్కపక్క బెంచీల మీద రాశారు. సతీష్ గట్టెక్కాడు, ఉపేందర్ రెండు మార్కులతో పోయాడు. ఆ కోపంలో ఉద్యోగమూ వదిలేశాడు. సతీష్‌కి ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ వచ్చింది మంగళవారమని, ఫోటో పేపర్లో నాలుగుసార్లు పడిందని, నాలుగోది రంగుల్లో వేశారని ఉపేందర్‌కి ఇప్పటికీ కంఠతా వచ్చు. అడిగితే సతీషే తడుముకుంటాడేమో. అసూయపడే వాడి బుర్రలో ఇలాంటి చిల్లర ఎంతైనా పడుతుంది.

కేసు ఆ సతీష్‌దే కావడం ఉపేందర్ ఖర్మ.

* * *

ఆఫీసు ఒకే గది. కింద టీ హోటలు, పక్కనుంచి మెట్లు. ఉపేందర్ మెట్లెక్కేసరికి పన్నెండయింది. ఇన్‌స్పెక్టర్ సతీష్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్లో ఎవరికో కేసు కథ చెబుతున్నాడు. గుమ్మం దగ్గర ముప్ఫై ఏళ్ళ సన్నటి మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె రోజా. వాంగ్మూలం కోసం తొమ్మిదిన్నరకే పిలిపించి నిలబెట్టారు.

"రా ఉపేందర్," అన్నాడు సతీష్ ఫోన్ పెట్టేసి. "పెళ్ళిసంబంధాల సీజన్ అయిపోయిందా?"

"నడుస్తుంది సార్," అన్నాడు ఉపేందర్. ఆ 'సార్' అన్నప్పుడల్లా నాలుక మీద చేదు తగులుతుంది. "ఒకసారి గది చూసి పోత."

"చూడు. మావోళ్ళు కాపీ తీస్కున్నరు, ఇగ దాసేది ఏం లేదు. పావు తక్కువ పదికి ఐదు నిమిషాల ముందు, అంటే తొమ్మిదీ నలభైకి ఉత్తరం సేవ్ అయ్యింది. మహేష్ తొమ్మిదింబావుకు ఆఫీస్ తెరిసిండు. ఈమె వచ్చింది పదీ ఇరవైకి. మధ్యల ఇంకో మనిషి లేడు. ఉత్తరం కొట్టి పెట్టుకున్నడు, పన్నెండున్నరకు ఈమె తెచ్చిన మజ్జిగల మందు కలుపుకుని తాగిండు. ఖతం."

ఉపేందర్ బల్ల కిందికి వంగాడు. కంప్యూటర్ వెనక నుంచి జానెడు వైరు వేలాడుతోంది, కొసన ఏమీ లేదు. పెట్టె మీద దుమ్ము పేరుకుని ఉంది గానీ ఒక మూల, వేలెడంత మేర, శుభ్రంగా ఉంది. అక్కడ డబ్బాను అంటించి ఉంచే వెల్క్రో పట్టీ ముక్క అలాగే ఉంది.

"సార్, మహేష్ డిస్క్ ఏది? బయట తగిలించే ఎస్ఎస్‌డి. జేబుల దొరికిందా?"

"జేబుల ఫోన్, పర్సు, ఇంటి తాళంచెవి. అంతే. బయటి డిస్క్ ఉంటే ఏంది, లేకుంటే ఏంది? ఉత్తరం లోపలి హార్డ్ డిస్క్‌ల ఉంది."

"అదే నేనడిగేది. ఈయన పనంతా బయటి డిస్క్‌తోటే. లోపలి విండోస్‌ను ముట్టుకునేటోడు కాదు. ఆఖరి ఉత్తరం దాంట్ల ఎందుకు రాస్తడు?"

"చచ్చేటోడు నీ పర్మిషన్ తీస్కుని రాస్తడా?"

ఉపేందర్ కంప్యూటర్ ఆన్ చేశాడు. పాస్‌వర్డ్ అడగకుండానే పాత విండోస్ లేచింది. స్క్రీన్ మూలన టైం చూసి, తన చేతి గడియారం చూసుకున్నాడు. చేతి మీద పన్నెండూ ఎనిమిది. స్క్రీన్ మీద ఆరూ ముప్ఫై ఎనిమిది. తారీఖు మాత్రం సరిగ్గానే ఉంది.

"సెల్ వీకయ్యింది," అన్నాడు సతీష్ భుజం మీదుగా చూసి. "లోపల గుండ్రటి సెల్ ఉంటది గద. అది పోతే టైం తప్పుతది. మా ఇంట్ల దానికీ అంతే."

"సెల్ పోతే తారీఖు కూడా పోతది సార్. ఏండ్ల కిందికి ఉరుకుతది. ఇది నిమిషం తేడా లేకుండా ఐదున్నర గంటలు ఎనక ఉంది."

"అది సెల్ కాదు సార్," అని గుమ్మం దగ్గర నుంచి చిన్నగా వినబడింది. రోజా. ఇద్దరూ తనవైపు తిరిగేసరికి తలదించుకుని చెప్పింది. "మా సార్ డిస్క్‌ల విండోస్ ఉండది, దాని బదులు లినక్స్ అని వేరేది ఉంటది. అది లోపలి గడియారంల లండన్ టైం రాసి పెట్టుకుంటది. స్క్రీన్ మీద ఐదున్నర గంటలు కలిపి మన టైం చూపిస్తది. డిస్క్ పీకి విండోస్ లేపితే దానికి గీ సంగతి తెల్వదు. లోపలున్నదే మన టైం అనుకుంటది."

"నెట్ తోటి సరిచేసుకోదా?" అన్నాడు సతీష్.

"గీ విండోస్‌కు నెట్ ఇయ్యనే లేదు సార్. వాడితే గద ఇచ్చేది. మిల్లులల్ల అయితే పని అయినంక మా సార్ గడియారం సరిచేసి వస్తడు. లేకుంటే వాళ్ళ చీటీల మీద టైం తప్పు పడతది, లొల్లి చేస్తరు."

ఉపేందర్ తొమ్మిదీ నలభైకి ఐదున్నర కలిపి పైకే చెప్పాడు.

"మూడూ పది. సార్, ఉత్తరం రాసింది నిన్న మధ్యాహ్నం మూడూ పదికి. మహేష్‌ను సూర్యాపేట దవాఖానల చేర్చుకుంది ఎప్పుడు?"

సతీష్ ఫైలు తెరిచాడు. ఆ టైం ఆయన ఫైల్లోనే ఉంది. రెండూ ఐదు.

"స్పృహ లేనోడు నలభై ఐదు కిలోమీటర్ల దూరం నుంచి ఉత్తరం కొట్టిండా? ఎవడో వచ్చిండు. డిస్క్ ఉన్నంతసేపు సిస్టం పాస్‌వర్డ్ అడిగింది. పీకేస్తే ఉత్త విండోస్ లేచింది. కూసోని కొట్టి, డిస్క్ జేబుల ఏసుకుని పోయిండు. నిన్నటి నుంచి అందరినీ పొద్దున యాడున్నరని అడుగుతున్నవ్. మూడూ పదికి యాడున్నరని ఒక్కన్ని అడగలే."

ఆ చివరి ముక్క అవసరం లేదు. కానీ నాలుగు ఫోటోల కసి ఉపేందర్‌ని ఆగనివ్వలేదు. సతీష్ మొహం నల్లబడింది.

"ఇది ఈమె మాట, నీ మాట. ల్యాబ్ నుంచి రిపోర్ట్ రావాలె. అప్పటిదాక ఫైల్ మీద ఉన్న టైమే నాకు టైం." టోపీ తీసుకుని లేచాడు. గుమ్మంలో ఆగాడు. "రెండు మార్కులతోటి పోయిన పరీక్షను ఇంకా నా మీదనే రాస్తున్నవా ఉపేందర్?"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. జీపు కోర్టు దారి పట్టింది. పన్నెండూ ఇరవై ఐదు.

* * *

"కూసో అమ్మా," అన్నాడు రోజాతో. "పొద్దటి నుంచి నిలబడ్డవ్."

ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది.

"మజ్జిగ నువ్వు తాగలేదా నిన్న?"

"రోజూ ఇద్దరం తాగుతం. గురువారం నాకు ఒక్కపొద్దు సార్, ఏం ముట్ట. ఇంటి నుంచి తెచ్చిన సీసా అట్లనే సార్ బల్ల మీద పెట్టిన. సార్ మధ్యల ఫోన్ మాట్లాడనీకి బయటికి పోయిండు, వచ్చిండు. అప్పుడు కలుపుకున్నడేమో అని పోలీసులు రాసుకున్నరు."

"నువ్వేమనుకుంటున్నవ్?"

"మా సార్ చావాలనుకునే మనిషి కాదు," అంది రోజా. "అక్క నన్ను అనుమానించిందని నాకు తెలుసు. నాకేం కోపం లేదు. ఆమె అరిసింది, అంతే. అరిసేటోళ్ళతోటి భయం ఉండది."

ఆ మాట దగ్గర ఉపేందర్ ఆగాల్సింది. ఆగలేదు. రెండింటి కోర్టు తొందర ఆయన్ని ముందుకు తోస్తోంది.

"ఆంబులెన్స్ పోయినంక?"

"నాకు కాళ్ళు చేతులు ఆడలే. కింద హోటల్ల కూసున్న. మా ఆయనకు ఫోన్ చేసిన. బండి మీద వచ్చి తీస్కపోయిండు."

"ఆ డిస్క్ ఎవరికన్నా దొరికితే తెరుసుకుంటదా?"

"ఏ కంప్యూటర్‌కు పెట్టినా లేస్తది సార్. పాస్‌వర్డ్ కాడ ఆగిపోతది."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"మా సార్‌కు. ఇంక నాకు. సార్ చేతులకు మిషన్ల మురికి ఉంటది, రోజూ నేనే కొడత." చెబుతూ చెబుతూ ఆమె గుమ్మం వైపు చూసి నోరు మూసుకుంది.

హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఉపేందర్‌కి వినబడనే లేదు.

"నమస్తే సార్. కొండల్ నా పేరు, రోజా మా ఇంటామె. మిర్యాలగూడల మిల్లుకు వచ్చే లారీలు తూచే కాంటా కంప్యూటర్ మీద పనిచేస్త." మర్యాదగా నవ్వాడు. "మహేష్ సార్ మంచోడు. ఈ కొలువు నేనే అడిగి పెట్టిచ్చిన. పొద్దుగాల పిలిపిచ్చిండ్రంట గద. ఎనిమిదీ యాభైకి ఫోన్ చేసింది, మళ్ళ తొమ్మిదీ పదహారుకు చేసింది. అటెంక ఎత్తలే. పదీ ఇరవై రెండుకు ఆఖరి లారీ కాంటా పెట్టి ఉరికొచ్చిన. హుజూర్‌నగర్ కాడ రోడ్డు పని."

"తీస్కపో," అన్నాడు ఉపేందర్. ఆయనకు ఆపే అధికారం లేదు, ఆపాలనీ తోచలేదు. "అవసరమైతే పిలుస్త. నీ నంబర్ ఇచ్చిపో."

కొండల్ జేబులోంచి ఒక చీటీ తీసి, వెనక వైపు నంబర్ రాసి ఇచ్చాడు. గుండ్రటి, ఓపికైన అంకెలు. రోజా లేచి, ఉపేందర్ మొహంలోకి ఒకసారి చూసి, భర్త వెనక మెట్లు దిగింది. పావు తక్కువ ఒంటిగంటకు బండి చప్పుడు దూరమైంది.

ఉపేందర్ కిందికి దిగి టీ చెప్పాడు. వనిత తల్లికి ఏం చెప్పాలో తెలియడం లేదు. మూడూ పది అని తేలింది, కానీ ఆ మూడూ పదికి మనిషి లేడు.

"నిన్న మధ్యాహ్నం పైకి ఎవరన్నా పోయిండ్రా?" అని హోటలాయన్ని అడిగాడు.

"పోలీసులు సాయంత్రం వచ్చిండ్రు. అంతకుముందు ఆ పిల్ల పెనిమిటే," అన్నాడు ఆయన గ్లాసులు కడుగుతూ. "ఆమెను ఇక్కడ కూసోబెట్టి, తాళం ఏసొస్త అని పోయిండు. అరగంటకు దిగిండు. తాళం ఏసేతందుకు అరగంట ఎందుకో."

ఉపేందర్ చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టి, జేబులోని చీటీ బయటికి తీశాడు. నంబర్ ఉన్న వైపు కాదు, రెండో వైపు. మిల్లు కాంటా చీటీ. లారీ నంబర్, బరువు. కాంటా చీటీ మీద అందరూ చూసేది బరువే. ఉపేందర్ దాని కింద చూశాడు. ఈ రోజు తారీఖు. సమయం నాలుగూ యాభై రెండు.

తెల్లవారుజామున నాలుగూ యాభై రెండు. ఆ లారీనే కొండల్ పదీ ఇరవై రెండుకు కాంటా పెట్టానన్నాడు. సరిగ్గా ఐదున్నర గంటలు.

డిస్క్ మిర్యాలగూడ వెళ్ళింది. ఆ కాంటా కంప్యూటర్ మీద లేచింది, దాని గడియారానికి లండన్ టైం రాసింది. మహేష్ మిల్లుల్లో డిస్క్ తగిలించడం కొండల్ చూసి చూసి నేర్చుకున్నాడు. పోయేముందు గడియారం సరిచేయడం మాత్రం చూడలేదు. వాడు దాన్ని కాలవలో పారేసుంటే ఈ జన్మలో దొరికేవాడు కాదు. పారేయలేకపోయాడు. అందులో తన పెళ్ళాం ఫోటోలుంటాయని, మాటలుంటాయని, చూడకుండా బతకలేకపోయాడు. సీసాలో మందు పడింది ఇంట్లోనే. ఒక్కపొద్దు ఏ రోజో వాడికి తెలుసు, ఆ రోజు సీసాలో మజ్జిగ ఎవరు తాగుతారో తెలుసు. బస్సు దిగాక ఏడు నిమిషాలని తెలుసు. మహేష్ పేరు పెట్టి వాడు రాసింది తన మనసులో ఉన్నదే.

అరిచేవాళ్ళతో భయం ఉండదని ఆమె చెప్పనే చెప్పింది.

ఉపేందర్ హోటలాయన్ని అడిగి తీసుకుని ముందు రోజా నంబర్‌కి చేశాడు. నాలుగు రింగుల తర్వాత ఎత్తారు.

"చెప్పండి సార్," అన్నాడు కొండల్.

"రోజాకు ఇయ్యి."

"ఎనక కూసుంది సార్. జర ఏడుస్తుంది." వాహనాల రొద మధ్య గొంతు నెమ్మదిగా, మర్యాదగానే ఉంది. "మీకు దండం పెట్టాలె. నిన్న సాయంత్రం నుంచి పాస్‌వర్డ్ కాడ నేను కొట్టని పేరు లేదు దాంట్ల. ఆమెకే తెలుసని మీరు అడిగితేనే తెలిసింది. రెండింటికి మిల్లుల అందరూ అన్నానికి పోతరు, కాంటా గది ఖాళీ ఉంటది. ఇద్దరం కూసోని సూస్తం. లోపల ఏం లేకుంటే ఇంటికి పోతం సార్."

"ఉంటే?"

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఒంటిగంటా పదకొండు. ఉపేందర్ పాత బండి మీద మిర్యాలగూడ గంటన్నర. ఆయన సిగ్గుపడలేదు, ఆలోచించలేదు. పదేళ్ళుగా చేయని నంబర్‌కి ఫోన్ చేశాడు.

"మళ్ళ ఏం లెక్క తెచ్చినవ్?" అన్నాడు సతీష్.

"లెక్క కాదు. సతీషూ, నేను ఓడిపోయిన అనుకో. కేసు నువ్వే పట్టినవ్, ఫోటో నీదే పడనీ. నా తప్పుతోటి ఒక ఆడామె చస్తది. జీపు ఇటు తిప్పు."

అవతల జీపు స్టార్టయిన చప్పుడు.

"ఎటు?"

"మిర్యాలగూడ. రెండింటి లోపల."

ఉపేందర్ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో చీటీ చెమటకు తడుస్తోంది. నలభై ఏడు నిమిషాలు ఉన్నాయి, దారి గంటకు తక్కువ లేదు. ఆ నలభై ఏడు నిమిషాలూ ఆ బండి మీద కొండల్ కూడా లెక్కపెడుతూనే ఉంటాడు.